పెట్రోలు వాసన – ఒక పరిశీలన

తెలుగు పాఠం చెప్పుకొనే వారికి మోటారు బండి క్రింద దూరి చూడవలసిన అగత్యం ఏమి వచ్చినదని మా విద్యార్థులు నవ్వుకొనవచ్చును. గత వేసవిలో మాకు అట్టి అగత్యమే కలిగినది. ఒక పాత బండిలో పెట్రోలు వాసన ఎక్కడి నుండి వస్తున్నదో తెలిసికొనుటకు మేము మూడు నెలలు పాటుపడ్డాము. ఆ మూడు నెలలలో బోధపడిన సంగతులు ఈ ప్రాంతంలో బండి కలిగిన ఏ ఇంటికైనా పనికివచ్చేవి. అందుచేత సంచికకు వ్యాసం కావలెనని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు దీనినే వ్రాయ నిశ్చయించాము.

బండి మా పెద్ద మామూది. 2003లో తయారైన పెట్రోలు ఎస్.యు.వి. ఆయన దానిని సెకండ్‌హ్యాండులో కొని, కొన్నాళ్ళు నడిపి, కువైట్‌కు పోతూ ఇంటి ముందు వేపచెట్టు క్రింద నిలిపి వెళ్ళారు. ఎనిమిది నెలలు అది కదలలేదు. తరువాత తాళాలు మా చేతికి వచ్చినవి. మా అమ్మగారిని నెలకొక మారు మార్కాపురం నుండి గిద్దలూరు మీదుగా నంద్యాలకు వైద్యం కొరకు తీసికొని పోవలసి ఉన్నది. రైలు లేకపోలేదు గాని, మోకాళ్ళ నొప్పులతో ఆమె రైలుపెట్టె మెట్లు ఎక్కలేరు. కనుక ఎత్తుగా, విశాలంగా ఉన్న ఆ బండి మాకు దైవం పంపినట్లే తోచినది.

మొదటి ప్రయాణంలోనే దిగువమెట్ట దాటి నల్లమల ఘాటులో ప్రవేశించగానే వెనుక సీటు దగ్గర పెట్రోలు వాసన పుట్టినది. అమ్మగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని ఊరకున్నారు. రెండవ ప్రయాణంలో గాజులపల్లె చేరకమునుపే రెండు మార్లు వాంతి చేసికొన్నారు. మూడవ నెల వచ్చేసరికి, “ఈ బండిలో నేను రాను బేటా, నా మందులు నేను ఇక్కడే మింగుతాను” అన్నారు. వైద్యులు నెలనెలా రక్తం చూచి మందు మోతాదు మార్చుతున్న రోజులవి. ఒక నెల తప్పిపోయినది. అంతే కాదు, ఇంటివద్ద బండి నిలిపే తావు వంటగది గోడకు ఆనుకొని ఉన్నది. పెట్రోలు ఆవిరి గాలి కంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. అది పైకి పోయి కలిసిపోదు. నేల వెంట ప్రాకి పల్లపు చోట నిలుస్తుంది. గాలిలో అది నూటికి ఒకటిన్నర పాలు చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకొంటుంది. ఈ సంగతి తెలిసిన తరువాత మాకు రాత్రులు నిద్ర పట్టలేదు. బండిని తెచ్చి వీధిలో నిలిపాము.

ఇక మేస్త్రీల సంగతి. మార్కాపురం, కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు – ఈ ఊళ్ళలో పనివారికి కొదువ లేదు. పలకల గనుల నుండి రాయి మోసే లారీలను, మిరప బస్తాలు మోసే బొలేరోలను, ట్రాక్టర్లను కళ్ళు మూసికొని విప్పి బిగించగలరు. కాని ఇవన్నీ డీజిల్ బండ్లు. డీజిల్ కారితే తడి కనబడుతుంది, మరక నిలుస్తుంది, దుమ్ము అంటుకొంటుంది. కారే చోటు బండియే చూపుతుంది. పెట్రోలు అట్లు కాదు. దానిలోని తేలిక భాగాలు మన వేసవి ఎండకే మరుగుతాయి. పెట్రోలు ఆవిరి వత్తిడిని ప్రయోగశాలలో కొలిచేది 100 డిగ్రీల ఫారన్‌హీటు వద్ద, అంటే 37.8 సెంటీగ్రేడు. మా మార్కాపురంలో ఏప్రిల్ నెల పగటి వేడి దానిని సులభంగా దాటుతుంది. తారు రోడ్డు మీద, సైలెన్సరు ప్రక్కన ఉండే ట్యాంకులో ఇక చెప్పనక్కరలేదు. కనుక పెట్రోలు బండిలో చుక్క కూడా కారకుండానే వాసన రావచ్చును. డీజిల్ మీద పెరిగిన చేయి తడి కొరకు వెదకుతుంది. తడి లేకపోతే జబ్బు లేదంటుంది. ఇది వారి నేర్పులోని లోపమని మేము అనము. వారి చేతికి వచ్చే బండ్లు అట్టివి.

మొదటి షెడ్డులో ట్యాంకు మూత మార్చారు. వాసన పోలేదు గాని, ఒక వింత జరిగినది. అంతకు ముందు బండి వెలుపల, మూత దగ్గర వచ్చే వాసన ఇప్పుడు బండి లోపల, వెనుక సీటు ఎడమ ప్రక్కన రాసాగినది. రెండవ షెడ్డులో, “లోపల గాలి ఎక్కువైంది సార్, మూతకు సన్న రంధ్రం వేస్తే సరి” అన్నారు. ఈ వైద్యం మన వైపు చాలా బండ్లకు జరుగుతున్నది. రంధ్రం గుండా ఆవిరి రాత్రింబవళ్ళు వెలుపలికి వస్తుంది, వాన నీరు లోపలికి పోతుంది, బండి బోల్తా పడితే పెట్రోలే ధారగా వస్తుంది. మేము ఒప్పుకొనలేదు. మూడవ చోట ట్యాంకు దించి, పెట్రోలు ఒంపివేసి, అతుకుల మీద వెల్డింగు చేస్తామన్నారు. ట్యాంకు ఖాళీ కదా, భయమేమి అన్నారు. నిండు ట్యాంకులో గాలికి చోటు ఉండదు. ఖాళీ ట్యాంకులో ఆవిరి, గాలి కలిసి మందుగుండు వలె సిద్ధంగా ఉంటాయి. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రాణాంతకం. విద్యార్థులలో వెల్డింగు పనికి పోయేవారు కొందరున్నారు. ఈ ఒక్క వాక్యం వారి కొరకు మరల వ్రాస్తున్నాము: పెట్రోలు ఖాళీ చేసిన ట్యాంకుకు నిప్పు చూపరాదు.

పొగ పరీక్ష సర్టిఫికెట్టు మాత్రం మా వద్ద నిక్షేపంగా ఉన్నది. ఆ పరీక్షలో సైలెన్సరు గొట్టం నుండి వచ్చేది తప్ప ట్యాంకు నుండి వచ్చేది ఎవరూ చూడరు.

బండి లోపలి ఏర్పాటు కొంచెం చెప్పవలెను. పూర్వం ట్యాంకులోని ఆవిరిని ఊరకే గాలిలోకి వదిలేవారు. దాని వలన పట్టణాల గాలి చెడుతున్నదని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1970 మోడలు కార్ల నుండి, మరుసటి ఏడు ఆ దేశమంతటా, ఆవిరిని పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి చేశారు. క్రమంగా అది అన్ని దేశాల పెట్రోలు కార్లకూ వచ్చినది. ఏర్పాటు ఇది: ట్యాంకు పై భాగం నుండి ఒక సన్న గొట్టం బొగ్గు నింపిన డబ్బాకు పోతుంది. ఇది కుంపటి బొగ్గు కాదు. ప్రత్యేకంగా కాల్చి, లోపల లెక్కలేనన్ని సన్న రంధ్రాలు పుట్టించిన బొగ్గు; దాని ఒక గ్రాములోని రంధ్రాల గోడలన్నీ పరచితే వేయి చదరపు మీటర్ల వరకు వస్తాయట. పెట్రోలు ఆవిరి ఈ గోడలకు అంటుకొని నిలుస్తుంది. డబ్బాకు రెండవ గొట్టం ఇంజనుకు పోతుంది; బండి నడిచేటప్పుడు ఒక కవాటం తెరచుకొని, ఇంజను ఆ ఆవిరిని పీల్చి కాల్చివేస్తుంది. మూడవ గొట్టం వెలుపలి గాలికి తెరచి ఉంటుంది. ట్యాంకు ఊపిరి విడిచినా, తీసికొన్నా ఈ మూడవ గొట్టం గుండానే. ఇవి కాక ట్యాంకు మూతలోనే రెండు చిన్న కవాటాలు ఉంటాయి: లోపల వత్తిడి మితిమీరితే ఒకటి వెలుపలికి, లోపల గాలి తగ్గితే రెండవది లోపలికి తెరచుకొంటాయి.

కంభం చెరువు చూచిన వారికి ఇది సులభంగా తెలుస్తుంది. గుండ్లకమ్మకు కొండల నడుమ కట్ట వేసి విజయనగర కాలంలో నిలిపిన ఆ చెరువుకు నీరు వదలే తూములు ఎంత అవసరమో, మిగులు నీరు పోయే అలుగు అంతకంటె అవసరం. అలుగు పూడిపోయిన చెరువు కట్టలో బలహీనమైన చోట తెగుతుంది. తెగిన చోట మట్టి పోసినంత మాత్రాన ఆపద తప్పదు. నీరు మరొక చోటు చూచుకొంటుంది. మా బండికి మూత మార్చినప్పుడు జరిగినది ఇదే.

గిద్దలూరులో ఒక ముసలి మేస్త్రీ ఉన్నారని మా సహోద్యోగి ఒకరు చెప్పగా వెళ్ళాము. ఆయన అంబాసిడర్, ఫియట్ కార్ల కాలం వారు. అప్పుడు పెట్రోలు బండ్లే ఎక్కువ. చిన్న రేకుల షెడ్డు. బండి బానెట్టు ఎత్తలేదు, క్రిందికి వంగలేదు. స్టూలు వేసి మమ్ములను కూర్చుండబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టారు.

“వాసన తెల్లారి వస్తుందా సాబ్, మధ్యాహ్నం వస్తుందా?”

“మధ్యాహ్నమే ఎక్కువ, చాచా.”

“ట్యాంకు నిండా ఉన్నప్పుడా, సగం ఉన్నప్పుడా? బండి నిలిచి ఉంటే వస్తుందా, నడుస్తుంటేనా? మలుపులో ఎక్కువవుతుందా?”

వీటికి మా వద్ద నిశ్చితమైన జవాబులు లేవు. ఏ షెడ్డులోనూ ఎవరూ అడిగి ఉండలేదు. చివరకు ఆయన అసలు ప్రశ్న వేశారు.

“మూత తీసేటప్పుడు బుస్సుమంటుంది కదా. ఆ గాలి బయటికి వస్తుందా, లోపలికి పోతుందా?”

మా తాతగారి కాలంలో యునానీ హకీములు నబ్జ్ చూచేటప్పుడు ఇట్లే అడిగేవారని ఇంటిలో వినేవారము. జ్వరం ఉన్నదా అని కాదు. ఏ వేళకు వస్తుంది, చలితో వస్తుందా, చెమటతో పోతుందా అని. ముసలి మేస్త్రీ మమ్ములను పది రోజులు గడువు పెట్టి, జవాబులు వ్రాసికొని రమ్మని పంపారు. బండిని తాకినందుకు కాదు, తాకనందుకు ఆయనపై మాకు గౌరవం కలిగినది.

పది రోజులు నోటుబుక్కు పెట్టుకొని వ్రాశాము. మూత తీయుట ఆరుబయట, ఇంజను ఆపి, దగ్గర బీడీ గాని పొయ్యి గాని లేకుండా చూచుకొని, ముఖం ప్రక్కకు త్రిప్పుకొని, మెల్లగా. ఉదయం ఫజర్ తరువాత తీస్తే గాలి లోపలికి పోయేది. మధ్యాహ్నం కళాశాల నుండి వచ్చి తీస్తే బలంగా వెలుపలికి వచ్చేది. వాసన నిండు ట్యాంకులో హెచ్చు, పావు ట్యాంకులో స్వల్పం. ఎడమ మలుపులో, కుడి మలుపులో భేదం లేదు. వెనుక అద్దం కొంచెం తెరచి నడిపితే మాత్రం లోపల వాసన రెట్టింపు; పెట్టె వలె చదునైన వెనుక భాగం కలిగిన బండి వేగంగా పోయేటప్పుడు వెనుక గాలి పలుచబడి, క్రింది ఆవిరి సందులలో నుండి లోపలికి వస్తుందని తరువాత తెలిసినది. గాలి కొరకు అద్దం తెరచుట మా అమ్మగారి అలవాటు!

వాసన వ్రాయుట ఎంత కష్టమో అప్పుడే తెలిసినది. మనకు తావి ఉన్నది, కమ్మదనం ఉన్నది, కంపు ఉన్నది. ఉర్దూలో ఖుష్‌బూ, బద్‌బూ ఉన్నాయి. ఇవన్నీ మెచ్చుట, ఏవగించుకొనుటలే గాని ఆనవాలు చెప్పేవి కావు. పచ్చి పెట్రోలు వాసన వేరు, సగం కాలిన పెట్రోలు వాసన వేరు, వేడెక్కిన ఇంజను ఆయిలు వాసన వేరు. వాసన కాలినదైతే వెదకవలసినది సైలెన్సరు వైపు. పచ్చిదైతే ట్యాంకు, గొట్టాల వైపు. తెల్లవారి చల్లని బండి స్టార్టు చేయగానే బానెట్టు దగ్గర పచ్చి వాసన వస్తే అది ఇంజనుపై పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల రబ్బరు వలయాల జబ్బు. దానిని ఒక్క రోజు కూడా ఉపేక్షించరాదు, ఏలయనగా అక్కడి వత్తిడి ట్యాంకులోని దాని వంటిది కాదు, చాలా రెట్లు ఎక్కువ. మాది పచ్చి వాసన, వెనుక వైపు.

నోటుబుక్కు చూచి మేస్త్రీ నవ్వారు. “గాడీ సాంస్ నై లేరీ, సాబ్” అన్నారు. బండి ఊపిరి తీసికొనడం లేదని. ఉదయం చల్లబడి ముడుచుకొన్న ఆవిరి వలన లోన గాలి కొరత. మధ్యాహ్నం మరిగి గాలి వత్తిడి. మూడవ గొట్టం తెరచి ఉంటే రెండు వేళలా బుస్సు స్వల్పంగానే ఉండవలెను. ఊహ సరే, రుజువు కావలెనన్నాము.

రుజువుకు మా కళాశాల భౌతికశాస్త్ర శాఖ సహాయపడినది. అక్కడి సహోద్యోగి పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని చెక్క పలకకు ‘యు’ ఆకారంలో బిగించి, రంగు నీళ్ళు పోసి, ప్రక్కన అడ్డస్కేలు అంటించి ఇచ్చారు. ప్రథమ సంవత్సరం విద్యార్థులు ద్రవ వత్తిడి కొలిచేది దీనితోనే. ట్యాంకుకు, బొగ్గు డబ్బాకు మధ్య గొట్టంలో ఒక మూడు నోళ్ళ ముక్క పెట్టి దానికి ఇది తగిలించాము. టైర్లకు గాలి కొట్టే మిషను ఇటువంటి పనికి తేరాదని మేస్త్రీ ముందే హెచ్చరించారు. టైరు ముప్పయి పౌనులు ఓర్చుకొంటుంది, ట్యాంకు రేకు ఓర్వదు. బండిని ఎండలో రెండు గంటలు నిలిపాము. రెండు ప్రక్కల నీటి మట్టాల భేదం 14 అంగుళాలు వచ్చినది. లెక్క వేయగా చదరపు అంగుళానికి సుమారు అర పౌను. వినుటకు స్వల్పం. కాని రెండడుగుల చదరం రేకు మీద 576 చదరపు అంగుళాలు ఉన్నాయి. అంటే 288 పౌనులు, దాదాపు 130 కిలోల బరువు. ఇద్దరు మనుష్యులు ట్యాంకు లోపల నిలబడి రేకును నెట్టుతున్నట్లు.

తరువాత మేస్త్రీ బొగ్గు డబ్బా నుండి మూడవ గొట్టాన్ని ఊడదీశారు. నీరు చూస్తుండగానే జారి, భేదం ఒక అంగుళం దగ్గర నిలిచినది. అక్కడ ఉన్న కుర్రవాళ్ళందరూ “అరే!” అన్నారు.

ఊడదీసిన గొట్టం చివర బండి చట్రం లోపల దాగి ఉన్నది. దానిని గీరగా ఎర్రమట్టి గోలీ వంటిది రాలి పడినది. కుమ్మరిపురుగు గూడు. వేపచెట్టు క్రింద నిలిచి ఉన్న ఎనిమిది నెలలలో అది తీరికగా కాపురం పెట్టుకొన్నది. విరిచి చూస్తే లోపల ఎండిన సాలెపురుగులు, పిల్ల కొరకు దాచిన ఆహారం.

ఇది మా ఊరి వింత కాదు. 2011లో మాజ్దా కంపెనీ వారు ఉత్తర అమెరికాలో 65,000 కార్లను వెనుకకు పిలిపించవలసి వచ్చినది. ఒక జాతి పసుపుపచ్చ సాలెపురుగు పెట్రోలు వాసనకు ఆకర్షితమై ఈ గొట్టంలోనే గూడు అల్లుతున్నదనీ, దానితో ట్యాంకులో గాలి కొరత ఏర్పడి ట్యాంకు పగుళ్ళు వారే ప్రమాదం ఉన్నదనీ తేలినది. 2014లో అదే కారణం మీద మరొకసారి పిలిపించారు. అంత పెద్ద సంస్థను ఒక సాలెపురుగు కదలించగా, వేపచెట్టు క్రింద ఎనిమిది నెలలు నిలిచిన మా బండిని కుమ్మరిపురుగు కదలించడంలో ఆశ్చర్యం లేదు.

అయినా పని పూర్తి కాలేదు. ఊపిరి అడ్డం వలన వత్తిడి పెరిగినదన్న మాట నిజమే గాని, ఆ వత్తిడి వెనుక సీటు దగ్గరకు ఏ దారిన వచ్చినది? సబ్బు నురుగు పూసి చూడగా, పెట్రోలు పోసే గొంతును ట్యాంకుతో కలిపే లావు రబ్బరు గొట్టం మడత దగ్గర బుడగలు లేచినవి. పై వైపు నున్నగా ఉన్నది; చేతితో వంచితే క్రింది వైపు చీలికలు. పాత మూత వదులుగా ఉన్నంత కాలం ఆవిరి మూత దగ్గరే పోయేది. క్రొత్త మూత బిగియగానే ఈ చీలికను వెదకికొన్నది. ఇరవై రెండేండ్ల రబ్బరుకు వయస్సే చాలు. అది గాక ఇప్పటి పెట్రోలులో ఇథనాలు పాలు పెరిగినది. 20 శాతం కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటా బంకులకు వ్యాపించినది. దానిని ఉద్దేశించి చేయని పాత రబ్బరు ఉబ్బి, మెత్తబడి, ఎండినప్పుడు పగులుతుంది. కనుక పాత పెట్రోలు బండి కలవారు రబ్బరు భాగాలు ఏడాదికొక మారు వంచి చూడవలెను. మార్చేటప్పుడు పెట్రోలు కొరకు చేసిన గొట్టమే వేయవలెను. బోరు నీళ్ళ గొట్టం చౌక అని వేస్తే ఆరు నెలలలో జిగురుగా మారుతుంది. మేస్త్రీ మాకు కర్నూలు నుండి తెప్పించారు.

మూడవ గొట్టం శుభ్రం చేసి, చివర సన్న ఇత్తడి జల్లెడ గుడ్డ కట్టారు. బొగ్గు డబ్బాను నీళ్ళతో కడుగుతామని ప్రక్క షెడ్డు కుర్రవాడు ముందుకు రాగా ఆయన కసిరారు. తడిసిన బొగ్గు పనికిరాదు. బండి నాలుగు రోజులు నడిస్తే ఇంజనే దానిని పీల్చి శుభ్రం చేస్తుంది. అయితే పెట్రోలు పోయించే అలవాటు మార్చుకొమ్మన్నారు. బంకులో తుపాకి ఠక్కుమని ఆగిన తరువాత కూడా రౌండు ఫిగరు కొరకు మరికొంత, బండిని కుదిపి ఇంకొంత పోయించుట మన వారందరికీ వేడుక. అట్లు పోసిన పెట్రోలు ఆవిరి గొట్టంలోకి పొంగి, బొగ్గును ముంచివేస్తుంది. ఆవిరి కొరకు వదలిన ఖాళీని పైసల లెక్కతో పూడ్చుట అంటే అలుగు మీద ఇల్లు కట్టుకొనుట. పోయించిన వెంటనే బండి స్టార్టు కాక మొరాయిస్తే, ఇంజను వైపు కవాటం తెరచుకొని నిలిచిపోయినదని గుర్తు. అది మరొక జబ్బు.

మరమ్మతు తరువాత అదే ఎండలో, అదే రెండు గంటలు నిలిపి చూచాము. నీటి మట్టాల భేదం అంగుళం దాటలేదు. మూత తీస్తే చిన్న నిట్టూర్పు వంటి శబ్దం వస్తున్నది. మన వేసవిలో ఆ పాటి సహజమే, దానికి భయపడనక్కర లేదని మేస్త్రీ అభయమిచ్చారు. ఆ నెల అమ్మగారిని బ్రతిమాలి ఎక్కించాము. ఆమె దిగువమెట్ట దాటేవరకు కొంగు చేతిలోనే పట్టుకొని ఉన్నారు. ఘాటు మధ్యలో నిద్రపోయారు. నంద్యాలలో రక్తం చూచి, తప్పిపోయిన నెలకు వైద్యులు మమ్ములనే కోప్పడి, మోతాదు సరిచేశారు.

భౌతికశాస్త్ర శాఖ వారి పలక ఇంకా తిరిగి రాలేదు. గిద్దలూరు షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించి ఉన్నది. రంగు నీళ్ళు ఎండకు తగ్గినప్పుడల్లా మేస్త్రీ సిరాతో నింపుతున్నారట. శాఖ వారు మరొకటి చేసికొన్నారు.